అర్ధరాత్రి షోకి గ్యాంగ్‌తో వెళ్తున్నారా: అనంతపురం అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద హీరో సినిమా డేట్ పడిందంటే చాలు, మా ఊళ్ళో అవే ప్రశ్నలు మళ్ళీ మొదలవుతాయి. షో ఉందా, టికెట్ ఎవరి దగ్గర దొరుకుతుంది, ఎన్నింటికి వదులుతారు, పిల్లోణ్ణి తీసుకురావచ్చా. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. కాలేజీ కుర్రాళ్ళకి ఇవన్నీ ఎవరూ చెప్పక్కర్లేదు. ఉద్యోగం, ఇల్లు, ఈఎంఐలు ఉండి కూడా మొదటి ఆటే చూడాలనుకునే ముప్పై, నలభై ఏళ్ళ వాళ్ళ కోసం ఇది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## టికెట్ చేతికొచ్చే దాకా

పోస్టర్ మీద అర్ధరాత్రి షో అని వేశారు. కచ్చితంగా ఉంటుందా?

పోస్టర్ చూసి నమ్మొద్దు. మన రాష్ట్రంలో అదనపు ఆటలు వేయాలన్నా, టికెట్ రేటు పెంచాలన్నా సినిమా సినిమాకీ ప్రభుత్వం విడిగా ఉత్తర్వు ఇవ్వాలి. అది చాలాసార్లు విడుదలకి కొద్ది రోజుల ముందే వస్తుంది. 2021లో చట్టం సవరించి రోజుకి నాలుగు ఆటలే అన్నప్పుడు బెనిఫిట్ షోలే, అంటే మామూలు ఆటలకంటే ముందు వేసే ప్రత్యేక ఆటలే, ఆగిపోయాయి, 2024 నుంచి పెద్ద సినిమాలకి మళ్ళీ ఇస్తున్నారు. టైం కూడా ఒకటే ఉండదు: 'దేవర'కి రాత్రి 12 గంటల ఆట, 'పుష్ప 2'కి ముందు రోజు రాత్రి 9:30, 'గేమ్ ఛేంజర్'కి ఒంటిగంట. 'ఓజీ'కైతే మొదట 2025 సెప్టెంబర్ 25 తెల్లవారుజామున ఒంటిగంటకి అని ఉత్తర్వు ఇచ్చి, తర్వాత 24 రాత్రి 10 గంటలకి మార్చారు. అందుకే ఉత్తర్వు వచ్చాకే లీవు పెట్టండి, బస్సు టికెట్ బుక్ చేయండి.

టికెట్ ఎంత పడుతుంది?

మామూలు ఆట రేటుతో పోల్చుకోవద్దు. మన రాష్ట్రంలో ప్రీమియర్ షోకి 'గేమ్ ఛేంజర్' అప్పుడు 600, 'పుష్ప 2' అప్పుడు 800, 'ఓజీ' అప్పుడు జీఎస్టీ కలిపి 1000 రూపాయల దాకా అనుమతి ఇచ్చారు. ఉత్తర్వులో రాసిన రేటుకి జీఎస్టీ కలిసి ఉందా, అదనమా అనేది ముందే చూసుకోండి, ఎందుకంటే వంద దాటిన టికెట్ మీద 18 శాతం పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి తగ్గించింది వంద రూపాయల లోపు టికెట్లకే, ప్రీమియర్‌కి దానివల్ల ఒరిగేదేం లేదు. ఉత్తర్వులో ఉన్నదానికంటే ఎక్కువ అడిగితే అది బ్లాకే, అడిగేది ఎవరైనా సరే.

ఆన్‌లైన్‌లో ఓపెన్ అయిన నిమిషానికే అయిపోయాయి. ఇంకెక్కడ దొరుకుతాయి?

మన దగ్గర సింగిల్ స్క్రీన్లలో చాలాసార్లు మొదటి ఆట టికెట్లు అసలు ఆన్‌లైన్‌కే రావు, అభిమాన సంఘం వాళ్ళు మొత్తంగా తీసుకుంటారు. కాబట్టి యాప్ ముందు కూర్చుని రిఫ్రెష్ కొట్టే టైంలో థియేటర్ దగ్గరికి ఒకసారి వెళ్ళి రండి. కటౌట్‌కి బొంగులు కట్టిస్తూ కొందరు కనిపిస్తారు, వాళ్ళని పలకరిస్తే టికెట్లు ఎవరి చేతిలో ఉన్నాయో తెలిసిపోతుంది. "అన్నా, మేం ఇక్కడోళ్ళమే" అని ఒక మాట కలిపితే పని అవుతుంది. డబ్బు ఇచ్చే ముందు చేతిలో పెడుతున్నది టికెట్టా, టోకెనా అడగండి. టోకెన్ అయితే టికెట్‌గా ఎప్పుడు మారుస్తారో కూడా అడగండి. గ్రూపుల్లో ముక్కూమొహం తెలియనివాడు "నాలుగు ఉన్నాయి, ఫోన్‌పే చెయ్" అంటే మాత్రం చేయొద్దు. క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ ఒకటే పదిమందికి పంపుతారు, గేటు దగ్గర మొదట స్కాన్ అయినవాడు లోపలికి, మిగతావాళ్ళు ఇంటికి.

మా గ్యాంగ్ పదిమంది. టికెట్ల సంగతి ఎవరు చూడాలి?

ఒక్కరే చూడాలి. ముగ్గురు మూడు చోట్ల ప్రయత్నిస్తే ఒకచోట రెండు మిగులుతాయి, ఇంకోచోట నాలుగు తక్కువ పడతాయి, చివరికి మాట మాట పెరుగుతుంది. ముందు డబ్బు వసూలు చేయండి, "నేనూ వస్తా" అన్నవాళ్ళని కాకుండా డబ్బు పంపినవాళ్ళని లెక్కపెట్టుకోండి. టికెట్లన్నీ ఒకడి జేబులో పెట్టొద్దు, గేటు దగ్గర వాడు జనంలో కలిసిపోతే మిగతా అందరూ బయటే.

బాల్కనీ తీసుకోవాలా, కింద తీసుకోవాలా?

సందడి కావాలంటే కింద, సినిమా కావాలంటే బాల్కనీ. కింద ముందు వరసల వాళ్ళు కుర్చీల మీద నిలబడతారు, హీరో ఎంట్రీ నుంచి మొదటి పాట అయ్యేదాకా తెర సగమే కనిపిస్తుంది, పేపర్ ముక్కలు జుట్టులో, చొక్కాలో, టీ కప్పులో పడతాయి. నా ఓటు కిందకే. అర్ధరాత్రి నిద్ర మానుకుని వెళ్ళేది ఆ గోల మధ్యలో ఉండడానికే కదా. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు, మొదటిసారే ప్రతి డైలాగూ వినాలనుకునేవాళ్ళు బాల్కనీ తీసుకోండి. కొన్ని ఫ్యాన్స్ షోలలో సీటు నంబర్ ఎవరూ పట్టించుకోరు, బాల్కనీలో కాస్త నయం.

బెంగళూరులో ఉంటున్నా. అక్కడే చూసేయక అనంతపురం దాకా రావడం అవసరమా?

సినిమా మాత్రమే చూడాలంటే అక్కర్లేదు. స్కూలు నుంచి పక్కపక్కన కూర్చుని చూసినవాళ్ళతో, మనం ఈల వేయడం నేర్చుకున్న థియేటర్లో చూడాలంటే మాత్రం రావాల్సిందే, దానికి బదులు ఇంకోటి లేదు. సుమారు 210 కిలోమీటర్లు, 44వ నంబర్ హైవే, నాలుగు గంటల దారి. సాయంత్రానికల్లా ఊళ్ళో ఉండేలా బయల్దేరండి, ఇంట్లో కాసేపు పడుకుని లేచి షోకి వెళ్ళండి. షో వదలగానే అదే కారులో తిరిగి బెంగళూరు అనే ప్లాన్ ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

## ఇంట్లో, ఆఫీసులో

నలభై దగ్గర పడుతున్నా ఇంకా బెనిఫిట్ షోలేంటని ఇంట్లో అంటున్నారు. ఏం చెప్పాలి?

ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏడాదికి ఒకటో రెండో రాత్రులు పాత స్నేహితులందరం ఒకచోట కలుస్తాం, ఆ వంక ఈ సినిమా అని. పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప కలవని వయసు మనది, అందరూ ఒకే టైంకి ఒకే గేటు దగ్గరికి వచ్చేది ఈ ఒక్క రాత్రే. ఆఫీస్ పని అని అబద్ధం చెప్పి వెళ్ళొద్దు, తెల్లారేసరికి ఎవడో ఒకడు ఫొటో స్టేటస్ పెడతాడు. ఎవరితో వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో చెప్పి, మరుసటి రోజు ఇంట్లోవాళ్ళకి ఫస్ట్ షోకో సెకండ్ షోకో టికెట్లు తీయండి. మళ్ళీ చూడటం మీకు కష్టమేం కాదు కదా.

పిల్లోడు వస్తానని ఏడుస్తున్నాడు. తీసుకెళ్ళొచ్చా?

వద్దు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్ షో తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. సినిమా అంటే ఇష్టంతో కుటుంబంగా వచ్చినవాళ్ళు. ఆ రాత్రి తర్వాత ఈ ప్రశ్నకి నా దగ్గర ఇంకో సమాధానం లేదు. గేటు తీసినప్పటి తోపులాటలో పెద్దవాళ్ళకే కాళ్ళు నేల మీద నిలవవు, భుజం మీద ఎత్తుకుంటే సరిపోతుందనుకోవద్దు. పైగా 'ఏ' సర్టిఫికెట్ సినిమా అయితే 18 ఏళ్ళ లోపు వాళ్ళని ఏ ఆటకీ రానివ్వరు. వాణ్ణి ఆదివారం మ్యాట్నీకి తీసుకెళ్ళండి, పాప్‌కార్న్ కొనివ్వండి.

పొద్దున డ్యూటీ ఉంది. మేనేజ్ చేయొచ్చా?

ఒంటిగంటకి మొదలైతే మూడు గంటల సినిమా, ఇంటర్వెల్ కలిపి నాలుగున్నరకి బయటపడతారు. ఇంటికొచ్చి పడుకునేసరికి తెల్లారిపోతుంది. కంప్యూటర్ ముందు కూర్చునే పనైతే సగం రోజు లీవుతో లాగించొచ్చు. బస్సు, లారీ, ఆటో నడిపేవాళ్ళు, మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళు, ఆస్పత్రి డ్యూటీ వాళ్ళు మాత్రం పూర్తి లీవు పెట్టండి. దొరక్కపోతే ఆ సాయంత్రం ఆట చూడండి. ముందు రోజు మధ్యాహ్నం రెండు గంటలు పడుకోగలిగితే రాత్రి చాలా తేలిక.

ఆడవాళ్ళం నలుగురం వెళ్దామనుకుంటున్నాం. ఇబ్బంది ఉంటుందా?

అభిమానం మగవాళ్ళ సొత్తు కాదు, వెళ్ళండి. కాకపోతే థియేటర్ ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. సీటు నంబర్ పాటించే చోట, ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకుని, బాల్కనీలో గోడ వైపు సీట్లు తీసుకోండి. గేటు దగ్గర రద్దీ తగ్గాక లోపలికి వెళ్ళండి, ఎంట్రీ సీన్ మిస్ కారు, టైటిల్స్‌కి ముందు చాలా యాడ్లు ఉంటాయి. తెల్లవారుజామున ఆటో కోసం రోడ్డు మీద నిలబడే పని పెట్టుకోవద్దు, తిరిగి రావడానికి తెలిసిన బండి ముందే మాట్లాడుకోండి. ఎవడైనా తిక్కవేషాలు వేస్తే అక్కడే గట్టిగా అరవండి, చుట్టూ ఉన్న అభిమానులే వాణ్ణి బయటికి పంపుతారు. కదలకపోతే 112కి ఫోన్ చేయండి.

## థియేటర్ దగ్గర

ఎన్నింటికి చేరుకోవాలి? బండి ఎక్కడ పెట్టాలి?

కటౌట్, డప్పులు, పూలదండ సందడి చూడాలంటే షోకి రెండు గంటల ముందు, సినిమా చాలనుకుంటే ముప్పావు గంట ముందు. బండి థియేటర్ పార్కింగ్‌లో పెడితే చివరిగా బయటికి వచ్చేది మీరే. లోపలి ఆట వదిలే టైంకి తర్వాతి ఆట జనం గేటు బయట నిలబడి ఉంటారు. ఒక వీధి అవతల, తెలిసినవాళ్ళ ఇంటి ముందు పెట్టి నడిచి రండి. విడిపోతే కలుసుకోవడానికి గేటుకి దూరంగా ఉన్న చోటు ఒకటి ముందే అనుకోండి, ఏ టీ కొట్టో, మెడికల్ షాపో. ఆ జనంలో ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం.

కటౌట్, పాలాభిషేకం, బైక్ ర్యాలీ మేమూ చేయొచ్చా?

కటౌట్, పూలదండ, డప్పులు సరే, పోలీసులకీ థియేటర్ వాళ్ళకీ ముందు చెప్పి చేయండి. ర్యాలీకి అనుమతి తప్పనిసరి, పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉన్న రోజైతే అనుమతి లేకుండా గుంపుగా తిరిగినా కేసే. బ్యానర్ కట్టేటప్పుడు తలెత్తి కరెంటు తీగలు చూడండి. 2020 సెప్టెంబర్‌లో చిత్తూరు జిల్లా శాంతిపురం దగ్గర హీరో పుట్టినరోజు బ్యానర్ కడుతూ ముగ్గురు కుర్రాళ్ళు షాక్ కొట్టి చనిపోయారు. ఇనుప ఫ్రేమ్, రాత్రి చీకటి, తడి నేల, మూడూ కలిస్తే అంతే. ఎలక్ట్రీషియన్ లేకుండా ఎవరినీ పైకి ఎక్కించొద్దు. థియేటర్ ముందు పొట్టేలు కొట్టడం మన సీమలో కొందరికి ఇప్పటికీ సరదా. అది నేరం, 2025 జనవరిలో తిరుపతిలో ఇందుకే అభిమానుల్ని అరెస్టు చేశారు. పాల విషయంలో నా మాట ఒకటి: పోయాలనే ఉంటే ఒక ప్యాకెట్ పోయండి, మిగతావి పెద్దాసుపత్రి దగ్గర రాత్రంతా కూర్చునే వాళ్ళకి టీ పెట్టి ఇవ్వండి, హీరో పేరు చెప్పే ఇవ్వండి.

ఒంటిగంటకి షో అన్నారు, రెండైనా వేయలేదు. లోపల ఏం జరుగుతోంది?

చాలాసార్లు "కీ రాలేదు" అనే మాట వినిపిస్తుంది. ఇప్పుడు రీళ్ళు లేవు. సినిమా ఫైలు తాళం వేసి ముందే థియేటర్ సర్వర్‌లోకి వస్తుంది, తాళం తీసే డిజిటల్ కీని వేరేగా పంపుతారు, దాన్నే కేడీఎం అంటారు. ఏ సర్వర్‌కి ఇస్తే దానిలోనే, ఇచ్చిన టైంలోనే పనిచేస్తుంది, అదే కాపీ పక్క థియేటర్లో ఆడుతున్నా ఇక్కడ ఆడదు. నిర్మాతకీ ఫైనాన్షియర్లకీ డిస్ట్రిబ్యూటర్లకీ మధ్య లెక్కలు తేలకపోతే కీ ఆలస్యమవుతుంది. ఆపరేటర్ చేతిలో ఏమీ ఉండదు, కాబట్టి అతని మీద అరిచి, కుర్చీలు విరగ్గొట్టి లాభం లేదు. గంట దాటినా కదలిక లేకపోతే టికెట్ సగం ముక్క జాగ్రత్తగా పెట్టుకోండి, డబ్బు వెనక్కి అడగాలన్నా, తర్వాతి ఆటకి కూర్చోవాలన్నా అదే ఆధారం.

గేటు తీయగానే తోసుకుంటారు. అందులో ఇరుక్కుంటే ఏం చేయాలి?

మొదటి మాట, గేటుకి ఆనుకుని నిలబడొద్దు. వెనకనుంచి తోసేవాళ్ళకి ముందు ఏం జరుగుతోందో కనపడదు. ఇరుక్కుంటే రెండు చేతులూ ఛాతీ ముందు మడిచి పెట్టుకోండి, ఊపిరి తీసుకోవడానికి ఆ కాస్త చోటు చాలా ముఖ్యం. జనానికి ఎదురు తిరగకుండా పక్కకి, ఏటవాలుగా జరుగుతూ బయటపడండి. చెప్పు ఊడినా ఫోన్ పడినా వంగొద్దు. హీరో వస్తున్నాడని పుకారు లేస్తే ఆ వైపు పరిగెత్తడం కాదు, వెనక్కి జరగండి. లోపలికి వెళ్ళాక సీటు వెతుక్కునే ముందు బయటికి వెళ్ళే తలుపులు ఎక్కడున్నాయో, వాటికి తాళం ఉందో లేదో చూడండి. ఉంటే అక్కడున్న సిబ్బందితో తీయించండి. ఈ ఒక్కటీ చేయకుండా కూర్చోవద్దని మా వాళ్ళందరికీ చెబుతా.

## లోపల

మొదటి అరగంట ఏమీ వినపడదంటారు. నిజమేనా?

నిజం. సెన్సార్ సర్టిఫికెట్ తెర మీద పడగానే అరుపులు మొదలవుతాయి, ఎందుకంటే సినిమా నిజంగా మొదలైందని అదే గుర్తు. హీరో పేరు పడినప్పుడు ఒకసారి, కాలో చెయ్యో చూపించినప్పుడు ఒకసారి, మొహం కనిపించాక ఇంక ఆపేవాళ్ళు ఉండరు. పేపర్లు ఎగిరి ప్రొజెక్టర్ వెలుగులో అడ్డంగా తిరుగుతుంటే హీరో మొహం మీద వాటి నీడలు పరిగెడతాయి. మా తరానికి ఆ నీడలు కూడా సినిమాలో భాగమే. కథ అర్థం కావాలంటే రెండోసారి మామూలు ఆటకి వెళ్ళండి.

పేపర్ ముక్కలు ఎలా తయారు చేసుకోవాలి?

పాత దినపత్రికలే మేలు. రంగుల మ్యాగజైన్ కాగితం బరువుకి నేరుగా కింద పడుతుంది, దినపత్రిక కాగితం తేలుతూ దిగుతుంది. నిలువుగా చించితే సాఫీగా వస్తుంది, అడ్డంగా చించితే వంకరపోతుంది, కాబట్టి ముందు నిలువు పట్టీలు, తర్వాత వాటిని బొటనవేలంత ముక్కలు. ముందు రోజు సాయంత్రం నలుగురు కూర్చుంటే రెండు సంచులు అవుతాయి, కబుర్లు కూడా అవుతాయి. మెరుపు కాగితాలు, రంగు పొడులు వద్దు, కళ్ళల్లో పడతాయి. టపాసులు, కర్పూరం, మంట పెట్టేది ఏదైనా లోపలికి తెచ్చేవాడు మీ గ్యాంగ్‌లో ఉంటే గేటు దగ్గరే ఆపండి. కింద అంతా కాగితం, పైన గుడ్డ సీట్లు, తలుపు దగ్గర వందలమంది.

ఎంట్రీ సీన్ రికార్డ్ చేసి స్టేటస్ పెట్టుకోవచ్చా? పది సెకన్లే కదా.

వద్దు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించారు. అనుమతి లేకుండా థియేటర్లో సినిమా రికార్డ్ చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 3 లక్షల నుంచి మొదలుపెట్టి నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా జరిమానా. కేసు సంగతి అటుంచినా, మన హీరో సినిమాకి మనమే పైరసీ చేసినట్టు. జ్ఞాపకం కావాలంటే ఇంటర్వెల్‌లో తెరకి వీపు పెట్టి గ్యాంగ్ ఫొటో తీసుకోండి, ఏళ్ళ తర్వాత చూసుకునేది అదే.

బీపీ ఉంది. వెళ్ళొచ్చా?

డాక్టర్ వద్దనకపోతే వెళ్ళొచ్చు, కానీ రాత్రి మాత్ర మానొద్దు, ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు, మందు అసలు వద్దు. 2024 సెప్టెంబర్‌లో కడపలో ఒక పెద్ద సినిమా చూస్తూ ఒక అభిమాని కుప్పకూలి చనిపోయారు. నిద్ర లేకపోవడం, ఉక్క, చెవులు పగిలే సౌండ్, గంటల తరబడి అరుపులు, ఇవన్నీ ఒంటి మీద పడతాయి. ఛాతీ బిగుసుకున్నా, చెమటలు పట్టినా, కళ్ళు తిరిగినా "క్లైమాక్స్ అయ్యాక చూద్దాం" అనొద్దు. పక్కవాడికి చెప్పి బయటికి రండి, 108కి ఫోన్ చేయించండి. మీ పక్క సీటువాడికి మీ మందుల సంగతి తెలిసి ఉండాలి.

## వదిలాక

మందు తాగలేదు, నిద్రే కాస్త వస్తోంది. బండి నడపొచ్చా?

ఊళ్ళోనే ఇల్లైతే మెల్లగా, ఇద్దరు మాట్లాడుకుంటూ వెళ్ళండి. ధర్మవరం, తాడిపత్రి, గుత్తి, కళ్యాణదుర్గం వెళ్ళాల్సినవాళ్ళు తెల్లారేదాకా ఆగండి. నాలుగు నుంచి ఆరు మధ్య నిద్ర బలంగా లాగే టైం, హైవే పక్కన ఆగి ఉన్న లారీ కనపడేది చివరి క్షణంలోనే. అనంతపురంలో ఉన్న స్నేహితుడి ఇంట్లో హాల్లో నలుగురికి చాపలు వేయించండి, వాళ్ళావిడకి ముందే చెప్పి పెట్టండి. తాగినవాడి చేతికి బండి తాళం ఇవ్వొద్దు, వాడెంత దగ్గరివాడైనా సరే.

టాక్ ముందే బయటికి వచ్చేస్తోంది. చూడకుండా ఎలా ఉండాలి?

మన దగ్గర రాత్రి 12 అయితే అమెరికా తూర్పు తీరంలో ఎండాకాలం లెక్క ప్రకారం మధ్యాహ్నం రెండున్నర, అక్కడి ప్రీమియర్లు దాదాపు అదే టైంకి పడతాయి, కొన్నిసార్లు మనకంటే ముందే. రాత్రి తొమ్మిది నుంచి డేటా ఆఫ్ చేసుకోవడమే దారి. చూశాక మీరు కూడా ఒకరోజైనా కథ చెప్పకండి. "బాగుంది", "బాలేదు" చాలు. బాగోలేకపోతే బాగోలేదనే చెప్పండి, సొంత హీరో అని అబద్ధం ఆడితే తర్వాత మీ మాట మీద ఇంకో పదిమంది డబ్బు పెడతారు.

నాలుగున్నరకి ఆకలేస్తుంది. ఆ టైంలో ఏం దొరుకుతుంది?

ఆర్టీసీ బస్టాండ్ దగ్గర టీ, బన్ను దొరుకుతాయి, అక్కడే నిలబడి ఇంటర్వెల్ ముందు ఫైట్ గురించి గొడవ పడుతూ ఒక గంట గడిపేయొచ్చు. ఆరు అయ్యేసరికి టిఫిన్ బండ్ల మీద ఉగ్గాని వస్తుంది. నానబెట్టి పిండిన బొరుగులు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పైన పప్పుల పొడి, పక్కన అప్పుడే నూనెలోంచి తీసిన మిరపకాయ బజ్జి. రాత్రంతా అరిచిన గొంతుకి బజ్జి కారం మండుతుంది, ముందు నీళ్ళు తాగి మొదలుపెట్టండి. బిల్లు టికెట్లు చూసుకున్న మనిషితో కట్టించొద్దు, మిగతావాళ్ళు కట్టండి.